హార్డ్‌వేర్ వాలెట్టుతోఁ బ్రవేశము

ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము నానుకొని, తార్నాకకు దాపున మాణికేశ్వర్ నగర్ అను పేట కలదు. దానినే వడ్డెర బస్తీ యనియుఁ బిలుతురు. మా పాఠశాలలోఁ జదివి యిప్పుడు ఇంజనీరింగు చదువుచున్న పూర్వవిద్యార్థులు ఇద్దఱు అచ్చట నున్నారు. ఒకఁడు ఆ పేటలోనే పుట్టి పెరిగినవాఁడు. రెండవవాఁడు వరంగల్లు వైపునుండి వచ్చి, వారి యింటి మేడమీఁద గది యద్దెకుఁ దీసికొనినవాఁడు. వీరు విదేశములవారికిఁ బ్రోగ్రాములు వ్రాసిపెట్టి, కొంత ప్రతిఫలమును క్రిప్టో నాణెములుగాఁ బుచ్చుకొనుచుందురు. ఆ రాకడలను లెక్కగట్టుకొనుటకును, పన్ను చెల్లింపునకు వలయు పట్టికను సిద్ధపఱచుకొనుటకును ఒక చిన్న యాప్ కట్టుచున్నారు. గడచిన వేసవి సెలవులలో మా యొద్దకు వచ్చి, "సార్, దీనికి హార్డ్‌వేర్ వాలెట్టుతోఁ బ్రవేశమును జేర్పవలెనని యున్నది, రెండు వారములనుండి కుదురుట లేదు" అని చెప్పిరి. వారితోఁ గూర్చుండి మేము నేర్చుకొనిన సంగతులను చదువరులకుఁ దెలుపఁగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇది పిల్లలకే యని తలిదండ్రులు పుట త్రిప్పివేయరాదని మా మనవి. ఇందలి ముఖ్యవిషయము చేవ్రాలునుగూర్చినది; చేవ్రాలో వ్రేలిముద్రయో వేయని యిల్లు లేదు గదా.

మొదట మూలవిషయము చెప్పెదము. క్రిప్టో నాణెమనఁగా ఒక పద్దు. 2009 జనవరి 3వ తేదీన బిట్‌కాయిన్ పద్దుపుస్తకమునందు మొదటిపుట వ్రాయఁబడెను. 2015 జూలై 30వ తేదీన ఎథీరియం మొదలయ్యెను. ఈ పద్దుపుస్తకములకు యజమాని లేఁడు. లోకమందంతటను గల వేలకొలఁది కంప్యూటర్లయందు వాని ప్రతులు ఒక్కరీతిగా నుండును. ఒక పద్దు తనదని చెప్పుకొనువాఁడు దానికి నిదర్శనముగా 78 అంకెలవఱకు నుండఁగల యొక పెద్దసంఖ్యను గలిగియుండవలెను. దానిని గుప్తసంఖ్య యందము. గుప్తసంఖ్యనుండి లెక్కవేసి బహిరంగసంఖ్యను, దానినుండి చిరునామాను రాఁబట్టుట కంప్యూటరునకు క్షణకాలపుఁ బని. చిరునామానుండి వెనుకకు నడచి గుప్తసంఖ్యను రాఁబట్టుట నేఁటివఱకు ఏ కంప్యూటరునకును సాధ్యము గాలేదు. ఈ యొక్క భేదముమీఁదనే యంతయు నిలిచియున్నది. గుప్తసంఖ్య పరులచేతఁ బడినచో సొమ్ము పోయినట్లే. మొఱపెట్టుకొనుటకు బ్యాంకు మేనేజరు లేఁడు.

ఇట్టి సంఖ్యను కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో ఉంచుకొనుట, తిరునాళ్ళలో పైజేబున నోట్లకట్ట పెట్టుకొని తిరుగుటవంటిది. కావున దానికొఱకే ప్రత్యేకముగా చిన్న పరికరములను గల్పించిరి. చెక్ దేశపు ప్రాగ్ నగరమునుండి ట్రెజర్ అనునది 2014లో వెలువడెను. లెడ్జర్ అను ఫ్రెంచి కంపెనీయు ఆ యేఁటనే స్థాపింపఁబడెను. వీనినే హార్డ్‌వేర్ వాలెట్లందురు. మా పిల్లలయొద్ద నున్నది చూచుటకుఁ బెన్‌డ్రైవు వలె నుండును. ఒక చిన్నతెర, రెండు మీటలు. గుప్తసంఖ్య దాని లోపలనే పుట్టును, లోపలనే యుండును. వెనుకటి సంస్థానములలో దివాను తన ముద్రయుంగరమును వ్రేలినుండి తీయక, కాగితమునే తన యొద్దకుఁ దెప్పించుకొని ముద్ర వేసినట్లు, ఈ పరికరముకూడ దస్తావేజును లోపలికిఁ దీసికొని, తెరమీఁదఁ జూపి, యజమాని మీట నొక్కిన పిమ్మట లోపలనే చేవ్రాలు చేసి, ఆ చేవ్రాలును మాత్రము వెలుపలికిచ్చును. కంప్యూటరునిండ దొంగప్రోగ్రాములు చేరియున్నను గుప్తసంఖ్య వానికంటఁ బడదు.

పరికరము పోయినను సొమ్ము పోదు. మొదటిసారి దానిని సిద్ధము చేయునప్పుడు 12 గాని 24 గాని పదములు తెరమీఁద వచ్చును. వానిని కాగితముపై వ్రాసి దాఁచుకొనవలెను. 2013లో ఏర్పడిన కట్టుబాటు ప్రకారము ఈ పదములు 2048 పదముల పట్టికనుండి తీయఁబడును. ఆ పట్టిక ఇంగ్లీషులోనే గాక జపాను, కొరియా, స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీ మున్నగు దేశముల భాషలలోను గలదు. తెలుగులో గాని మఱి యే భారతీయభాషలోఁ గాని లేదు. ఈ పదములను మఱియొక పరికరమునకుఁ జెప్పినచో సొమ్మంతయు అందుఁ దిరిగి కనఁబడును. కావుననే వానిని ఏ యాప్ గాని, ఏ యుద్యోగి గాని అడుగుటకుఁ గారణము లేదు. "లోపలికి వచ్చుటకు మీ 24 పదములను టైపు చేయుఁడు" అని యడుగు తలుపు దొంగవాని తలుపని, రెండవ యాలోచన లేక, నిశ్చయించుకొనవచ్చును.

ఇఁక ప్రవేశము మాట. సాధారణముగా మనము పేరును సంకేతపదమును ఇచ్చి లోపలికిఁ బోవుదుము. అందలి చిక్కేమనఁగా, మన రహస్యమును తలుపువానికి గూడఁ జెప్పినఁగాని యది పనిచేయదు. వాని పెట్టె పగిలిన నాఁడు మన రహస్యమును బోవును. హార్డ్‌వేర్ వాలెట్టుతో నట్లు గాదు. తలుపువానికి రహస్యము తెలియదు. రహస్యము మనయొద్ద నున్నదని మాత్రము వానికి ఋజువగును.

ఇది యెట్లు జరుగునో చెప్పుటకు మా పిల్లల మొదటి పొరపాటునుండియే మొదలుపెట్టుదము. వారి మొదటి యేర్పాటునందు యాప్ పరికరమును అడిగి చిరునామాను దెచ్చుకొనును. ఆ చిరునామా పట్టికలో నున్నచో తలుపు తెఱచును. చూడఁగా బాగుగనే యున్నది. కాని చిరునామా బహిరంగమైనది; పద్దుపుస్తకమును జూచినవారికెల్లఁ దెలియును. ఇంటిముందఱి బోర్డుమీఁది పేరు చదివి, "ఆ పేరు నాదే" అని చెప్పినవానికెల్లఁ దలుపు తీసినట్లున్నది. దీనిని వారు తామే కనిపెట్టి నవ్వుకొనిరి. పెద్దపెద్దవారును ఈ పొరపాటు చేయుదురని వారిని మేము ఓదార్చితిమి.

సరియైన మార్గమును 2021లో ఎథీరియం వారి కట్టుబాట్లలో 4361వదిగాఁ బ్రతిపాదించిరి. దాని ప్రకారము, వచ్చినవాఁడు తన చిరునామాను జెప్పఁగానే సర్వరు ఒక చిన్నలేఖను సిద్ధముచేయును. అందు వెబ్‌సైటు పేరు, వచ్చినవాని చిరునామా, ఎందుకు వచ్చెనో చెప్పు నొక వాక్యము, పద్దుపుస్తకపు సంఖ్య, లేఖ పుట్టిన తేదీయు వేళయు, వీనితోఁ గూడ ఒక్కసారికి మాత్రమే చెల్లు నొక గుర్తు ఉండును. ఆ గుర్తు 8 అక్షరములకుఁ దక్కువ గాకుండవలెను. ఎవరును ముందుగా ఊహింపలేనిదై యుండవలెను. లేఖ పరికరములోనికిఁ బోవును. యజమాని తెరమీఁదఁ జదివి మీట నొక్కును. చేవ్రాలు తిరిగి సర్వరునకు వచ్చును.

ఎథీరియము చేవ్రాలునందు ఒక విశేషము గలదు. లేఖయు చేవ్రాలును ఉన్నచోఁ జాలు. చేసినవాని చిరునామాను లెక్కగట్టి రాఁబట్టవచ్చును. అట్లు వచ్చిన చిరునామాయు, అతఁడు మొదటఁ జెప్పిన చిరునామాయు ఒక్కటేనా యని సర్వరు పోల్చిచూచును. గుర్తు తానిచ్చినదేనా, వేళ మించలేదా, లేఖలోని వెబ్‌సైటు పేరు తనదేనా యని పరీక్షించును. అన్నియు సరిపోయినచో తలుపు తెఱచి, ఆ గుర్తును వెంటనే కొట్టివేయును. ఆర్ట్స్ కాలేజి స్టేషనులోఁ గొన్న టిక్కెట్టు ఆ ప్రయాణమునకే చెల్లినట్లు, ఆ చేవ్రాలు ఆ ప్రవేశమునకే చెల్లును. దారిలో నెవఁడైన దాని నకలు తీసికొని రేపు వచ్చినను లాభము లేదు. పద్దుపుస్తకమునందేమియు వ్రాయఁబడదు గనుక దీనికి రుసుము లేదు. మఱియొక జాగ్రత్తయుఁ గలదు: చేవ్రాలునకు ముందు పరికరము లేఖకు "ఇది ఎథీరియం చేవ్రాలు సందేశము" అను నర్థము గల తలకట్టును జేర్చును. దానివలన ప్రవేశపు లేఖను సొమ్ము బదిలీ పత్రముగా మార్చి వాడుకొనుటకు వీలుండదు.

వ్రాసినంత సులభముగా నిది కుదరలేదు. పరికరముతో మాటలాడుటకు బ్రౌజరు అనుమతి యియ్యవలెను; అన్ని బ్రౌజర్లును ఇయ్యవు; ఇచ్చునవియు వెబ్‌సైటు భద్రమైన మార్గమున వచ్చినప్పుడే, అదియు మనిషి స్వయముగా మీట నొక్కినప్పుడే యిచ్చును. ఇది మంచిదే. తరువాతి చిక్కు మమ్ములను గొంత భయపెట్టినది. ఒక్క పరికరమునుండి లెక్కలేనన్ని చిరునామాలను బుట్టింపవచ్చును. ఏది కావలెనో చెప్పుటకు వీథి, సందు, ఇంటి నంబరువలె 44, 60, 0, 0, 0 అను నొక బాట యుండును. అందు 60 ఎథీరియమునకు గుర్తు, బిట్‌కాయిన్‌నకు 0. రెండవ ఖాతా కావలసినప్పుడు కొన్ని ప్రోగ్రాములు మూఁడవ సంఖ్యను బెంచును, కొన్ని కడపటి సంఖ్యను బెంచును. మా వరంగల్లు విద్యార్థి తన రెండవ ఖాతాతోఁ బ్రవేశింపఁబోఁగా, యాప్ తప్పుసందున వెదకి, ఎన్నఁడును జూడని చిరునామాను, దానికెదురుగా సున్నను జూపినది. పిల్లవాని మొగము వెలవెలఁబోయినది. సొమ్ము చెక్కుచెదరలేదు, మేము వేఱొక యింటితలుపు తట్టితిమి, అంతే. తరువాత రెండు బాటలలోను మొదటి యైదేసి చిరునామాలను నిలువలతోఁ గూడఁ జూపి, వచ్చినవానినే తనదేదో యెన్నుకొనుమనునట్లు మార్చితిమి.

రెండు వారములు వారిని ఏడిపించినది మాత్రము ఒక్క బైటు. చేవ్రాలు మొత్తము 65 బైట్లు. కడపటి బైటును కొన్ని పరికరములు 0 లేక 1 అని యిచ్చును. కొన్ని 27 లేక 28 అని యిచ్చును. వారి సర్వరు 27ను 28ని మాత్రమే యెఱుఁగును. కావున నిజమైన యజమాని నిజమైన చేవ్రాలు చేసినను, "నీవెవఁడవో నేనెఱుఁగను" అనుచుండెను. 0ను 27గాను, 1ని 28గాను మార్చు నొక్క పంక్తి వ్రాసినంతనే తలుపు తెఱచుకొనెను. మిద్దెమీఁద వారు వేసిన కేకకు క్రింది యింటివారు వచ్చి చూచిరి.

వేళ విషయములోను సర్దుబాటు కావలసివచ్చినది. లేఖకు మొదట ఒక్క నిమిషమే గడువిచ్చిరి. కాని పరికరము గలవాఁడు దానిని పెట్టెలోనుండి తీయవలెను, తీఁగ తగిలింపవలెను, పిన్ను నొక్కవలెను, లోపలి ఎథీరియం ప్రోగ్రామును దెఱవవలెను, తెర తర్వాత తెర త్రిప్పి చదువవలెను. లెడ్జరు పరికరములయందు పిన్ను వరుసగా మూఁడుసార్లు తప్పినచో యంత్రము తన లోపలి రహస్యమును దుడిచివేసికొనును గనుక తొందరపెట్టుట ప్రమాదము. గడువును పది నిమిషములకుఁ బెంచితిమి.

ఇప్పుడు మేము ముఖ్యమని చెప్పిన సంగతికి వచ్చితిమి. పేటలోని పిల్లవాఁడు తన పరికరమును తల్లి పెట్టెలో దాఁచును. తాను ఊరఁ లేనప్పుడు ఆమె ప్రవేశించి లెక్క చూచుకొనవలెనని యతని కోరిక. ఆ తల్లి రాతిపని చేసిన కుటుంబమునకుఁ గోడలు, రాత్రిబడిలో తెలుగు చదువ నేర్చినది, ఇంగ్లీషు రాదు. ఆమెకొఱకని లేఖలోని వాక్యమును "ఇది ప్రవేశము మాత్రమే, సొమ్ము కదలదు" అని తెలుఁగు లిపిలో వ్రాసితిమి. కంప్యూటరు తెరమీఁద చక్కఁగా వచ్చినది. పరికరపు తెరమీఁద మాత్రము ఒక్క తెలుఁగు అక్షరమును రాలేదు. వాని స్థానమున అంకెలును ఇంగ్లీషక్షరములును గలిసిన పొడవైన వరుసలు పాఱినవి. ఆ చిన్నతెర మన లిపిని ఎఱుఁగదు. పైఁగా 4361వ కట్టుబాటే ఆ వాక్యము ఇంగ్లీషు లిపిలోనే యుండవలెనని విధించుచున్నది.

"ఇది మంచిదే యమ్మా, నొక్కు" అని కొడుకు చెప్పెను. ఆమె పరికరమును బల్లమీఁదఁ బెట్టి, "ఏం రాసున్నదో తెల్వకుండ మా మామ ఏలుముద్ర ఏసిండు, ఉన్న జాగ పోయింది. దీంట్ల ఏమున్నదో చెప్పకుంటె నేనైతె నొక్కను బిడ్డా" అన్నది.

మేమందఱమును ఊరకుంటిమి. ఆమె చెప్పినది ఇంటిమాట యయ్యును, ఈ శాస్త్రమునందు దానికి ఒక పేరే కలదు: గ్రుడ్డి చేవ్రాలు. వ్రేలిముద్ర చరిత్రయే చూడుఁడు. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను దొర, రాజ్యధర్ కోనాయ్ అను కంట్రాక్టరుచేత ఒడంబడికమీఁద అఱచేతిముద్ర వేయించుకొనెను. తరువాత ఆ ముద్ర తనది గాదని యతఁడు బొంకకుండవలెనని దొర యుద్దేశము. ముద్ర ఎవనిదో తేల్చుటకు అది చక్కని సాధనము. ముద్ర వేసినవానికి కాగితములో నేమున్నదో తెలిసెనా యను ప్రశ్నకు మాత్రము ముద్ర జవాబు చెప్పదు. హార్డ్‌వేర్ వాలెట్టును అంతే. చేవ్రాలు యజమానిదేయని అది నిస్సందేహముగాఁ దేల్చును.

ఇది వట్టిభయము గాదు. 2024 జూలై 18వ తేదీన వజీర్‌ఎక్స్ అను భారతీయ క్రిప్టో విపణినుండి 23 కోట్ల డాలర్లకుఁ బైఁబడిన సొమ్ము అపహరింపఁబడెను. ఆ ఖజానాకు ఆఱుగురు చేవ్రాలుదార్లుండిరి; కంపెనీవారు హార్డ్‌వేర్ వాలెట్లనే వాడిరి. తెరమీఁదఁ గనఁబడిన సంగతి వేఱు, చేవ్రాలు పడిన సంగతి వేఱు అని కంపెనీయే ప్రకటించెను. 2025 ఫిబ్రవరి 21వ తేదీన బైబిట్ అను విదేశీ విపణినుండి సుమారు 150 కోట్ల డాలర్లు ఇట్లే పోయినవి. పెట్టెలు పగులలేదు; చేవ్రాలు చేసిన చేతులే, తెలియక, సొమ్మును అప్పగించినవి. ఇవి సొమ్ము బదిలీలే గాని ప్రవేశములు గావనవచ్చును. నిజమే. కాని ప్రతిదినమును ప్రవేశపు తలుపువద్ద అంకెల వరుసలను జదువక మీట నొక్కుట కలవాటుపడిన చేయి, ఒకనాఁడు బదిలీ పత్రము వచ్చినప్పుడు ఆగునా?

యాప్ కట్టువారికి చేరువగా నున్న యుదాహరణము మఱియొకటి. 2023 డిసెంబరు 14వ తేదీన, యాప్‌లకు లెడ్జరు పరికరమును జోడించు "కనెక్ట్ కిట్" అను ప్రోగ్రాములో దొంగలు తమ పంక్తులను జొప్పించిరి. ఒక మాజీ యుద్యోగి ఖాతాను మోసముచేఁ జిక్కించుకొని ఆ పని చేసిరి. ఆ ప్రోగ్రామును వాడుకొను వెబ్‌సైట్లు తమకుఁ దెలియకయే దొంగపత్రములను జనులముందుఁ బెట్టినవి. కొలఁది గంటలలో సుమారు 6 లక్షల డాలర్లు పోయినవి. అది చదివిన నాఁటి సాయంకాలమే మా పిల్లలు తమ యాప్‌లోని యెరువు ప్రోగ్రాములన్నిటిని ఫలానా సంచికయే యని బిగించివైచిరి. క్రొత్తది వచ్చినచో తాము చూచిన పిమ్మటనే మార్చుదురు.

తల్లి యడిగిన దానికి మేము చేయఁగలిగినది తక్కువ. వాక్యమును తెలుఁగుమాటలతోనే, ఇంగ్లీషు లిపిలో వ్రాసితిమి. వెబ్‌సైటు పేరును పొడవు తగ్గించి తొమ్మిది యక్షరములకుఁ దెచ్చితిమి. అక్కఱలేని పంక్తులను దీసివేసితిమి. అయినను ఆమె చదువలేదు గదా. తెలుఁగు తాత్పర్యమును కంప్యూటరు తెరమీఁదఁ జూపవచ్చును; కాని ఆ తెరను నమ్మరాదనియే కదా యీ పరికరము పుట్టినది! తుదకుఁ బెద్దకొడుకు ఒక అట్టముక్కమీఁద పరికరపు తెరలను వరుసగా బొమ్మలు గీసి, ప్రతి బొమ్మక్రింద దాని యర్థమును తెలుఁగులో వ్రాసి, మాఱుచుండు చోట్లను, అనఁగా తేదీని, వేళను, గుర్తును, ఎఱ్ఱగళ్ళుగా విడిచిపెట్టెను. బస్సు బోర్డుమీఁది యంకెను బట్టి తార్నాక బస్సును గుర్తుపట్టినట్లు, ఆమె వెబ్‌సైటు పేరులోని తొమ్మిది యక్షరములను ఒక్కొక్కటిగా అట్టతోఁ బోల్చిచూచును.

మొదటిదినము పరీక్షకై కొడుకు కావలెననియే ఒక యక్షరము మార్చిన దొంగలేఖను బంపెను. ఆమె నాలుగవ యక్షరముకడ వ్రేలు నిలిపి, ఎడమ మీట నొక్కి నిరాకరించినది. తరువాత అసలు లేఖ వచ్చినది. అట్టను పరికరము ప్రక్కఁ బెట్టుకొని ఏడు తెరలు త్రిప్పుటకు ఆమెకు నాలుగు నిమిషములు పట్టెను. అట్ట యిప్పుడు పరికరముతోఁ గూడ ఆమె పెట్టెలోనే యున్నది. 24 పదముల కాగితము మాత్రము వేఱొక చోటఁ గలదు, అది యెక్కడో మాకును జెప్పలేదు.